డిపెండెంట్ బెంచీ

పోయిన వారం గట్టయ్యను బడి మెట్ల దగ్గర వదిలిపెట్టాం. పదో తరగతి చదివే కొడుకు రుత్విక్ బడిలో పెట్టిన లెక్కల పరీక్షలో పేరూ నంబరూ తప్ప ఇంకేమీ రాయకుండా తెల్ల కాగితం ఇచ్చి లేచిపోయాడని సారు ఫోను చేస్తే, మొదటి షిఫ్టు దిగినవాడు దిగినట్టే, చెవుల వెనక బొగ్గయినా సరిగా కడుక్కోకుండా గోదావరిఖని వచ్చాడు. సార్ల గది మేడ మీద. సగం మెట్లెక్కి ఆగాడు. వంగి చెప్పు సరిచేసుకున్నాడు. చెప్పుకేమీ కాలేదు. కొన్ని నెలలుగా నాలుగు మెట్లెక్కితే చాలు, ఊపిరి అందడం లేదు. అది ఎవరికీ తెలియనివ్వకుండా చెప్పో, బీడీయో, ఫోనో, ఏది దొరికితే అది అడ్డం పెట్టుకుంటున్నాడు.

ఎందుకు దాస్తున్నాడో తెలియాలంటే ఒక మాట సంగతి చెప్పాలి. లోకమంతా అన్‌ఫిట్ అంటే పనికిరానివాడని అర్థం. మన బొగ్గుబాయి కాలనీల్లో మాత్రం అది శుభవార్త. బాయిపనికి ఒళ్ళు సహకరించదని డాక్టర్లు తేల్చి తండ్రిని ఇంటికి పంపితే, ఆ నౌకరి కొడుక్కి వస్తుంది. ఫలానావాళ్ళ నాయిన అన్‌ఫిట్ అయ్యాడట అని తెలిస్తే పలకరించడానికి పోయేవాళ్ళు మొహాలు వేలాడేసుకుని పోరు, దావత్ ఎప్పుడని అడుగుతారు. అయితే దానికీ ఒక వేళ ఉంది. రుత్విక్‌కు పదిహేనేళ్ళు. వాడికి పద్దెనిమిది నిండకముందే తాను మంచం పడితే నౌకరి చేతికి రాకుండా పోతుందేమోనని గట్టయ్య భయం. అందుకని ఇంకో మూడేళ్ళు గట్టిగా ఉండాలి, ఆ తరువాత సరిగ్గా టైముకు చెడిపోవాలి. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, మనిషి తన రోగానికి కూడా ముహూర్తం పెట్టుకున్నాడు. నవ్వొస్తే నవ్వుకోండి, నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది.

లెక్కల సారు జగదీశ్వర్ ఆ తెల్ల కాగితాన్ని బల్ల మీద పరిచి కూర్చున్నాడు. రుత్విక్ గోడకు ఆనుకుని నిలబడి, కాలి బొటనవేలితో నేల మీద ఏదో గీస్తున్నాడు. గట్టయ్య కాగితం ఇటూ అటూ తిప్పి చూశాడు. వెనకవైపు కూడా తెల్లగానే ఉంది. ఎందుకు రాయలేదురా అని అడిగాడు. రాకనా, రాయబుద్ధి కాకనా అని అడిగాడు. రెండూ కాదన్నట్టు తలూపాడు. గట్టయ్య చెయ్యి లేచింది గానీ, సారు ముందు బాగుండదని ఆ చేత్తోనే మొహం తుడుచుకున్నాడు.

ఎనిమిదో తరగతిలో వీడికి లెక్కల్లో తొంభై దాటి వచ్చేవి, అప్పుడు ఇదే సారు మెచ్చుకున్నాడు. అది గుర్తు చేస్తే సారు నిజమేనన్నాడు. తొమ్మిదికి వచ్చేసరికి బోర్డు మీద రాసింది రాసుకోవడం మానేశాడట. అడిగితే తల వంచుకునేవాడట. ఇక విసిగి వెనక్కి పంపేశానన్నాడు. వెనక్కి అంటే ఎక్కడికని గట్టయ్య అడిగాడు. సారు కొంచెం ఇబ్బందిగా నవ్వాడు. క్లాసులో ఆఖరి బెంచీకి ఒక పేరుంది. డిపెండెంట్ బెంచీ. తండ్రి నౌకరికి ఎదురుచూసే పిల్లలంతా అక్కడ కూర్చుంటారు. ఆ పేరు పెట్టింది సారే. ఏదో సరదాకు అన్నాడట, అదే నిలిచిపోయిందట.

డిపెండెంట్ అన్న మాట వినగానే గట్టయ్యకు లోపల ఎక్కడో కాస్త మురిపెం కలిగింది. పాపం, మనిషికి అది తిట్టని వెంటనే తోచలేదు. తన కొడుకు పేరు పక్కన ఆ మాట ఉండాలనే కదా ఇన్నాళ్ళూ చెప్పులు సరిచేసుకుంటున్నది. మురిపెం అయిపోయాక సిగ్గు వచ్చింది, సిగ్గు వెనకే కోపం వచ్చింది. పిల్లలకు చదువు చెప్పమని పంపితే బెంచీలకు పేర్లు పెడుతున్నారా అని గొంతు పెంచాడు.

సారు గొంతు మాత్రం పెరగలేదు. తలుపు దగ్గరికి వేసి వచ్చి కూర్చున్నాడు.

"అన్నా, నేను ఎమ్మెస్సీ లెక్కలు చేసిన. బీఈడీ గూడ చేసిన. సర్కారు నౌకరి కోసం ఎదురుచూసి ఎదురుచూసి ఈ ప్రైవేటు బడిల పడ్డ. మీ కొడుకు పది తప్పి, రేపు మీ నౌకరిల చేరిండనుకో. వాని మొదటి జీతం నా జీతానికి రెండింతలుంటది. గా ముచ్చట నాకు తెలుసు, వానికి తెలుసు, ఆ బెంచీ మీద అందరికి తెలుసు. ఇగ చదువుకోరా అని ఏ మొఖం పెట్టుకొని చెప్పాలె? మీరే చెప్పుండ్రి."

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, ఇక్కడ చెప్పేవాడే అందరికంటే లోకువైపోయాడు. తలుపు అవతల పిల్లలు ఎక్కం చదువుతున్నారు. గట్టయ్య కాగితం మడిచి జేబులో పెట్టుకుని కొడుకును భుజం పట్టి బయటికి నడిపించాడు.

బస్‌స్టాప్ దాకా నడిచేసరికి మళ్ళీ ఊపిరి అందలేదు. సిమెంటు బల్ల మీద కూలబడి, నిద్ర వస్తోంది, సెంటినరీ కాలనీ బస్సు వస్తే చెయ్యెత్తు అని కొడుకుకు చెప్పి కళ్ళు మూసుకున్నాడు. నిద్ర లేదు, పాడూ లేదు. ఛాతీలో పిల్లికూతలు ఆగేదాకా ఆ నాటకం.

కళ్ళు తెరిచేసరికి బస్సు వెనక భాగం కనబడింది. ఆగకుండా పోతోంది. వెనకద్దం మీద సెంటినరీ కాలనీ అని అరచేయంత అక్షరాలు. రుత్విక్ రోడ్డు వైపే చూస్తూ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గట్టయ్యకు అరికాలి మంట నెత్తికెక్కింది. పరీక్షా రాయవు, బస్సూ ఆపవు, ఇక నువ్వు చేసే పనేందిరా అని కేకలేశాడు. బస్‌స్టాప్‌లో జనం తిరిగి చూశారు.

"అది మన బస్సా నాయినా?" అన్నాడు రుత్విక్.

వేళాకోళం చేస్తున్నాడనుకున్నాడు గట్టయ్య. వాడి మొహం చూస్తే అలా లేదు. ఎదురుగా రోడ్డు అవతల దుకాణం చూపించి, దాని పేరు చదవమన్నాడు. మందుల దుకాణం అని టక్కున చెప్పాడు రుత్విక్. మందుల దుకాణం ఎత్తేసి నెల దాటింది. ఇప్పుడక్కడ బట్టల దుకాణం పెట్టారు, నిలువెత్తు పెళ్ళికూతురి బొమ్మతో సహా. గట్టయ్య కొడుకు చెయ్యి పట్టుకుని లేచాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా చీకట్లో టోపీ లైటు వెలుగులో పైకప్పు పగుళ్ళు చూసి బతికినవాడు, పట్టపగలు ఇంట్లో ఉన్న పిల్లవాడికి కళ్ళు కనబడటం లేదని చూడలేకపోయాడు.

మన్సూర్ చష్మా దుకాణం ఆ సందు మలుపులోనే ఉంది. మన్సూర్, గట్టయ్య ఈడువాళ్ళు. తండ్రులిద్దరూ ఒకే బాయిలో పనిచేశారు. కొడుకును ముందుకు తోసి, వీని కండ్లు చూడు మన్సూర్ భాయ్ అనబోతుండగానే మన్సూర్ రుత్విక్‌ను గుర్తుపట్టాడు.

"మళ్ళొచ్చినవా బేటా? మీ అమ్మ ఒప్పుకున్నదా ఇగ?"

రుత్విక్ మొహం పాలిపోయింది. గట్టయ్య కొడుకు మొహం చూశాడు, మన్సూర్ మొహం చూశాడు. మన్సూర్‌కు తాను నోరు జారానని అర్థమైంది గానీ, అప్పటికే ఆలస్యమైపోయింది. మెల్లగా చెప్పాడు. రెండేళ్ళ కింద, బడిలో కంటి పరీక్షలు జరిగిన వారమే గట్టయ్య భార్య సారవ్వ పిల్లవాణ్ణి తీసుకొచ్చిందట. దూరపు చూపు ఆనడం లేదు, అద్దాలు పెట్టాల్సిందే అని తాను చెప్పాడట. ఆమె కాసేపు ఆలోచించి, వద్దులే అన్నా, ఈ సంగతి మా ఇంట్లో తెలియనియ్యకు అని చేతులు పట్టుకుని వెళ్ళిపోయిందట. డబ్బులకు ఇబ్బందేమో అనుకుని ఊరికే ఇస్తానని కూడా అన్నాడట. ఆమె వినలేదట.

రుత్విక్‌ను కుర్చీలో కూర్చోబెట్టి మన్సూర్ బిళ్ళలు మార్చి మార్చి చూశాడు. చూపు అప్పటికిప్పటికి రెట్టింపు చెడింది. తల గోక్కుని, ఇట్లెట్ల బడికి పోతున్నవు బేటా అని అడిగాడు. నౌమాన్ చదివి చెప్తుండె అన్నాడు రుత్విక్. నౌమాన్ వాడి పక్కన కూర్చునే పిల్లవాడు. బోర్డు మీదిది నెమ్మదిగా చదువుతుంటే వీడు రాసుకునేవాడు. ఆ నౌమాన్ పోయినేడు బడి మానేసి నస్పూర్‌లో మామ మెకానిక్ షెడ్డులో చేరిపోయాడు. ఆ రోజుతో వీడి బోర్డు కూడా పోయింది. లెక్కల పరీక్ష ప్రశ్నలు సారు రాసిందీ ఆ బోర్డు మీదే.

అద్దాలు కోసి ఫ్రేములో బిగించేదాకా ఆగమన్నాడు మన్సూర్. తండ్రీ కొడుకులు దుకాణం ముందు బల్ల మీద కూర్చున్నారు. నాకెందుకు చెప్పలేదు కొడుకా అని గట్టయ్య అడిగాడు. ఆ గొంతులో కోపం లేకపోవడంతో పిల్లవాడికి ధైర్యం వచ్చింది.

"అమ్మ ఒట్టు పెట్టించుకున్నది. నాయినకు తెలిస్తె దిగులు పడ్తడన్నది. మొదట్ల మస్తు కష్టపడ్డ నాయినా. బోర్డు దిక్కు చూసి చూసి తలకాయ నొచ్చేది. అడిగితె సారు తిట్టేటోడు. తర్వాత ఆ బెంచీకి పంపిండు. అందరు నవ్విండ్రు, నేను గూడ నవ్విన. ఆడ కూసుంటె ఎవ్వరు ఏం అడగరు. ఏం అడగకపోతె మంచిగుంటది."

ఏం అడగకపోతే మంచిగుంటది. ఈ ఒక్క ముక్కకు ఎవరైనా జవాబు చెప్పండి, వింటాను. పిల్లలు చదవడం లేదు, సెల్‌ఫోన్లు చెడగొట్టాయి, భయం లేదు భక్తి లేదు అని మనం మీటింగులు పెడతాం. పదిహేనేళ్ళ పిల్లవాడు తనను ఎవరూ ఏమీ అడగని చోటు వెతుక్కుని, అక్కడ హాయిగా ఉందంటున్నాడు. ఆ చోటును తయారుచేసి పెట్టింది ఎవరు? సారొక్కడేనా?

అద్దాలు తెచ్చి మన్సూర్ స్వయంగా వాడి చెవులకు తగిలించాడు. గట్టయ్య తలొంచుకుని అడగలేక అడగలేక అడిగాడు, చష్మా ఉంటే బాయిల నౌకరికి తీసుకోరంట కదా, నిజమేనా అని. మన్సూర్‌కు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఎవరన్నారు ఆ మాట అన్నాడు. మా కాలనీల సదయ్య కొడుకును అట్లనే వాపస్ పంపారు కదా అన్నాడు గట్టయ్య.

"సదయ్య కొడుకు వాపసొచ్చింది బీపీకే అన్నా, కండ్లకు గాదు. మందులేసుకొని మల్లపోయిండు. నేనిచ్చిన చష్మా పెట్టుకొనే గోలేటి బాయిల డ్యూటీ చేస్తున్నడు, ఆడనే ఉంటున్నడు. నీకు తెల్వదా?"

గట్టయ్యకు తెలియదు. వాపస్ పంపారన్నంతవరకే తెలుసు. ఆ తరువాత సంగతి కనుక్కునే తీరిక ఎవరికుంది?

బస్సులో రుత్విక్ కిటికీ పక్కన కూర్చుని దారిలో కనబడిన ప్రతి బోర్డూ చదివాడు. సిమెంటు దుకాణం, టిఫిన్ సెంటరు, కంపెనీ దవాఖాన, ఎలక్షన్ల నాటి చిరిగిన బ్యానరు, ఒక్కటీ వదలలేదు. మొదట లోలోపల చదువుకున్నాడు. తరువాత కొంచెం పైకే చదివాడు. పదో తరగతి పబ్లిక్ పరీక్షలు నెత్తి మీదికొచ్చిన పిల్లవాడు ఒకటో తరగతి పిల్లవాడిలా కూడబలుక్కుని చదువుతుంటే ముందు సీటు ముసలమ్మ వెనక్కి తిరిగి నవ్వింది. గట్టయ్య మాత్రం కిటికీ వైపు చూడలేదు. సారవ్వను ఏమనాలో మాటలు పేర్చుకుంటున్నాడు. కొట్టాలనే అనుకున్నాడు, దాచేదేముంది.

క్వార్టరు ముందు అరుగు మీద సారవ్వ బియ్యం చెరుగుతోంది. కొడుకు మొహం మీద అద్దాలు చూడగానే చాట పక్కన పడేసి లేచింది. సదయ్య ఇల్లు రెండిళ్ళ అవతలే. ముందు ఆ ఇంటి వైపు చూసి, అద్దాలు తీసి జేబులో పెట్టుకొమ్మని కొడుకుకు సైగ చేసింది. రుత్విక్ తండ్రి వైపు చూశాడు.

"తియ్యడు," అన్నాడు గట్టయ్య. "నా కొడుకును గుడ్డోన్ని చేసి రెండేండ్లు బడికి తోలినవ్. కన్నతల్లివేనా నువ్వు?"

ఆమె ఏడవలేదు. ఏడుస్తుందని గట్టయ్య అనుకున్నాడు, ఏడిస్తే తిట్టడం సులువుగా ఉండేది. మెల్లగా, వీధిలోకి వినబడకుండా జవాబిచ్చింది.

"నేనా చేసింది? సదయ్య కొడుకును కండ్లద్దాలకు అన్‌ఫిట్ చేసి వాపస్ తోలిండ్రని బువ్వ తినుకుంట చెప్పింది ఎవలు? అద్దాలున్నోనికి బాయిల జాగ లేదు, మనోని కండ్లు మంచిగున్నయ్ నయమే అని మురిసింది ఎవలు? తెల్లారి బడిల కండ్లు సూసిండ్రు. ఇంటికొచ్చి అమ్మా నాకు ఆనుతలేదన్నడు. నీకెట్ల చెప్పాలె? మా అన్న రాయమల్లు కొడుకు ఇంజనీరింగ్ చదివి బండి మీద అన్నం పొట్లాలు పంచుతున్నడు. సదువు ఎవలను సాదింది? నీ నౌకరొక్కటే గదా మనకున్నది."

గట్టయ్యకు ఆ రాత్రి భోజనం గుర్తొచ్చింది. వంకాయ కూర. సదయ్య సంగతి చెప్తూ రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. సగం తెలిసిన ముచ్చట, నోటికొచ్చినట్టు అన్నాడు, తిని పడుకున్నాడు. ఆ మాటను పట్టుకుని ఆమె రెండేళ్ళు కొడుకు కళ్ళను దాచింది. ఆమెను కొట్టడానికి తెచ్చుకున్న చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అయినా మగవాడు కదా, ఓడిపోతూ కూడా అరిచాడు. సదయ్య కొడుకు గోలేటిలో అద్దాలు పెట్టుకునే నౌకరి చేస్తున్నాడు, పోయి అడుగు, కాలనీ అంతా అడుగు అని అరిచాడు. ఆ అరుపు సగంలోనే తెగిపోయింది.

దగ్గు రాలేదు, అదే వస్తే బాగుండేది. ఊపిరి లోపలికి పోవడం మానేసింది. ఒక చేత్తో గుమ్మం పట్టుకుని, ఇంకో చెయ్యి జేబులో పెట్టి బీడీ కోసం వెతుకుతున్నట్టు నటించాడు. సారవ్వ తల వంచుకుని అరుగు మీద ఒలికిన బియ్యం ఎత్తుతోంది. చూడలేదు. రోజూ అంతే, ఎవరూ చూడరు. ఈ ఇంట్లో ఇన్నాళ్ళూ ఆ నాటకం సాగింది ఎవరూ చూడనందువల్లే.

ఈసారి ఒకడు చూస్తున్నాడు. రెండేళ్ళుగా నాలుగడుగుల దూరంలో ఉన్న తండ్రి మొహం వాడికి మసకగానే కనబడింది. ఇవాళ గడ్డంలో తెల్ల వెంట్రుకలు కనబడుతున్నాయి, మెడ మీద లాగుతున్న నరం కనబడుతోంది, గుమ్మం పట్టుకున్న వేళ్ళు కనబడుతున్నాయి. రుత్విక్ ఒక అడుగు ముందుకు వేశాడు.

"నాయినా, నీ పెదవులేంది గట్ల నీలంగున్నయ్? గోర్లు గూడ." మళ్ళీ, ఇంకా మెల్లగా అడిగాడు. "ఇందాక బస్‌స్టాప్‌ల నువ్వు నిద్ర పోలే గదా?"

సారవ్వ చేతిలోని బియ్యం చాటలోకి జారిపోయింది. తలెత్తి, ఎన్నాళ్ళకో మొగుడి మొహంలోకి చూసింది. రెండిళ్ళ అవతల సదయ్య కూడా అరుపు విని గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఇంకో మూడేళ్ళు ఎవరికీ కనబడకూడని సంగతి అది.

గట్టయ్య గుమ్మం వదిలి నిటారుగా నిలబడటానికి ప్రయత్నించాడు. కొడుకు కళ్ళలోకి కాకుండా, ఆ కొత్త అద్దాల వైపు చూస్తూ, దొరికినంత ఊపిరితో అన్నాడు.

"అద్దాలు తియ్యిరా."